టెక్సస్‌లో శ్రమల వారం: రాత్కో చాపెల్ నుంచి ఆస్టిన్ దాకా

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు మన తెలుగు సంఘాల్లో సిలువపై ప్రభువు పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఒక్కో మాటకు ఒక్కో ప్రసంగీకుడు, మధ్యమధ్య పాటలు, ప్రార్థనలు, చివర ఉపవాసం విడిచేవారికి మజ్జిగ. ఒంగోలు బాప్టిస్టు సంఘంలో పెరిగిన నాకు ఆ మూడు గంటలంటే మాటలతో నిండిన సమయమే. ఆ సమయాన్ని మాటలు లేకుండా, కంటితో ధ్యానించే చోటు ఎక్కడైనా ఉంటుందా అని కొన్నేళ్ళుగా అనుకుంటూ వచ్చాను. టెక్సస్‌లోనే అలాంటివి రెండున్నాయి. హ్యూస్టన్‌లో మనుషుల బొమ్మలు లేకుండా రంగులతోనే నైరూప్య చిత్రాలు వేసిన మార్క్ రాత్కో చిత్రాలున్న చాపెల్ (చిన్న ప్రార్థనా మందిరం) ఒకటి, ఆస్టిన్‌లో అమెరికన్ కళాకారుడు ఎల్స్‌వర్త్ కెల్లీ రూపొందించిన రాతి మందిరం మరొకటి. రెండింటిలోనూ యేసు ముఖం కనబడదు. 2025లో ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల వారంలో ఆ రెండూ చూడాలని డాలస్ నుంచి హ్యూస్టన్‌లో ఉన్న అక్క ఇంటికి బయలుదేరాను.

ఏప్రిల్ 17, గురువారం: మాంట్రోజ్, హ్యూస్టన్

అక్క, బావగారు, నేను ముందుగా మెనిల్ మ్యూజియం చూద్దామనుకుని మాంట్రోజ్ చేరాము. ఫోనులోని దారి మమ్మల్ని రెండు వీధుల అవతల సెయింట్ థామస్ విశ్వవిద్యాలయం వైపు తీసుకుపోయింది. అక్కడ తెల్లని ఘనంలాంటి గోడలు, వాటిని చీల్చుకుంటూ నిలబడిన నల్లని గ్రానైటు పలక, పైన బంగారు గుమ్మటంతో సెయింట్ బేసిల్ చాపెల్ ఎదురైంది. వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ దీన్ని 1997లో పూర్తి చేశాడు. లోపల తెల్లని గోడలోనే సిలువ మార్గంలోని దృశ్యాలను, అంటే యేసు సిలువ మోసుకు నడిచిన దారిలోని పద్నాలుగు ఘట్టాలను, సన్నని గీతలుగా చెక్కారు. వెలుగు ఒక పక్కనుంచి పడితే తప్ప అవి సరిగా కనిపించవు. అక్క చేత్తో తడమకుండానే గోడకు దగ్గరగా నిలబడి ఒక్కొక్కటీ పోల్చుకుంటూ నడిచింది. దారి తప్పి వచ్చినా, మరునాటికి కన్ను సిద్ధపడింది ఇక్కడే.

మెనిల్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. చుట్టుపక్కల చిన్నచిన్న చెక్క ఇళ్ళన్నిటికీ ఒకే బూడిద రంగు వేయించారు. వాటి మధ్య గడ్డి మైదానం, పెద్ద ఓక్ చెట్లు. అక్క కట్టి తెచ్చిన పులిహోర ఆ చెట్ల కిందే తిన్నాము. చమురు సేవల సంస్థలో పనిచేసే బావగారికి ఈ చోటి చరిత్ర ఆసక్తి కలిగించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సు విడిచివచ్చిన జాన్, డొమినిక్ డి మెనిల్ దంపతుల సంపద ష్లంబర్జే చమురు సేవల కుటుంబానిది. కతోలిక విశ్వాసులైన ఆ దంపతులపై మేరీ అలెన్ కుతూరియే అనే డొమినికన్ సన్యాస సభ గురువు ప్రభావం గాఢంగా ఉండేది. చర్చిల్లో పాత బొమ్మలను నాసిరకంగా మళ్ళీమళ్ళీ వేయించడం కంటే, భక్తి సంగతి ఎలా ఉన్నా తమ కాలపు గొప్ప కళాకారులను పిలిచి పని అప్పగించడం మేలని ఆయన వాదించాడు. ఫ్రాన్సులోని వాన్స్‌లో చిత్రకారుడు మతీస్ అలంకరించిన చాపెల్ వెనుక కూడా ఆయన ప్రోత్సాహం ఉంది. ఆయన 1954లో మరణించాడు. పదేళ్ళ తరువాత, 1964లో, డి మెనిల్ దంపతులు ఇక్కడి చాపెల్ కోసం రాత్కోను చిత్రాలు వేయమని అడిగారు.

సాయంత్రం తెలుగు సంఘంలో ప్రభువు బల్లకు వెళ్ళాము. ఒక అమెరికన్ చర్చి హాలును అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునే సంఘం అది. చిన్నచిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం అందుకునేటప్పుడు ముందు వరుసలోని పెద్దావిడ నా వైపు తిరిగి, “ఏ ఊరు బాబూ?” అని అడిగారు. ఒంగోలు అనగానే ఆవిడ తనది చీరాల అని చెప్పి, ఆదివారం భోజనానికి తప్పకుండా ఉండాలన్నారు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే: రాత్కో చాపెల్

టెక్సస్‌లో గుడ్ ఫ్రైడే అందరికీ సెలవు దినం కాదు. ప్రభుత్వోద్యోగులు కావాలంటే తీసుకునే ఐచ్ఛిక సెలవు మాత్రమే. అందుకే ఇక్కడి తెలుగు సంఘం ఏడు మాటల ధ్యానాన్ని సాయంత్రానికి మార్చుకుంది. పన్నెండు నుంచి మూడు వరకు నాకు దొరికిన ఖాళీ ఆ విధంగా వచ్చిందే.

బయటనుంచి చూస్తే చాపెల్ కిటికీలు లేని ఇటుక కట్టడం. సోమవారం తప్ప రోజూ తెరుస్తారు, రుసుము లేదు. ఇష్టమైతే విరాళం ఇవ్వవచ్చు. తలుపు దాటగానే ఉన్న చిన్న గదిలో పలు మతాల పవిత్ర గ్రంథాలు వరుసగా పెట్టి ఉన్నాయి, ఎవరిది వారు లోపలికి తీసుకువెళ్ళవచ్చు. నేను అక్కడి బైబిలు తీసుకోలేదు. ఉదయమే తెలుగులో మత్తయి సువార్త 27వ అధ్యాయం చదువుకుని వచ్చాను. ఫోను పూర్తిగా ఆపమని అక్కడి ఉద్యోగిని మాట్లాడకుండా సైగ చేశారు. ఫొటోలకు అనుమతి లేదు. అదెంతో మంచి నియమం.

లోపల ఎనిమిది మూలల గది. నడిమధ్యన సాదా చెక్క బల్లలు, నేలపై కూర్చునేవారికి మెత్తలు. కప్పులోని అద్దాల తెర గుండా వచ్చే పగటి వెలుగు తప్ప మరొకటి లేదు. గోడల మీద పద్నాలుగు చిత్రాలు. మూడు గోడలకు మూడేసి పక్కపక్కన కలిపిన వరుసలు, మిగిలిన ఐదు గోడలకు ఒక్కొక్కటి. బావగారు మెల్లగా చుట్టూ తిరిగి వచ్చి నా చెవిలో, “అన్నీ నలుపేనా?” అన్నారు. మొదట అలాగే అనిపిస్తుంది. కూర్చున్న కాసేపటికి కన్ను అలవాటు పడింది, నలుపు విడిపోవడం మొదలైంది. ఎదుటి ఉత్తర గోడ మీద మూడు పలకలూ నేరేడు పండు తొక్కలాంటి ఊదా రంగు. తూర్పు, పడమర గోడల వరుసల్లో మధ్య పలక మాత్రం పక్కవాటికంటే కొంచెం పైకి ఎత్తి ఉంది. కల్వరి కొండ మీద మధ్య సిలువను ఇరుపక్కల సిలువలకంటే ఎత్తుగా వేసే పాత చిత్రాల అమరిక అందులో నాకు కనిపించింది. ఆ పలకల్లో ముదురు ఎరుపు అంచు లోపల నల్లని దీర్ఘచతురస్రం ఉంది. ఒకదానికి దగ్గరగా వెళ్ళి చూశాను. నలుపు ముగిసి ఎరుపు మొదలయ్యే చోట గీత కొలబద్దతో గీసినట్టు నిటారుగా ఉంది. నలుపు మీద మాత్రం పలుచని మెరుపు, ఎరుపు మీద మెరుపు లేదు. రాత్కో ఈ రంగులను దుకాణంలో కొన్న డబ్బాలనుంచి నేరుగా వేయలేదు. ఎరుపుకు రంగుపొడిని కుందేలు తోలు జిగురులో కలిపాడు. నలుపు మిశ్రమంలో నూనెతోపాటు కోడిగుడ్లు కూడా వాడాడు. ఒకే వెలుగు ఆ రెండింటి మీద రెండు రకాలుగా పడడానికి కారణం అదే.

పన్నెండున్నరకు ఒక మబ్బు కమ్మింది. ఎవరూ ఏమీ చేయకుండానే గది మొత్తం మారిపోయింది. ఊదా రంగు వెనక్కు తగ్గి, నల్లని పలకలు ముందుకు వచ్చినట్టయింది. మబ్బు తొలగాక అవి మళ్ళీ మెల్లగా ఎర్రబడ్డాయి.

నాకు ఈ ప్రయాణంలో దొరికిన ముఖ్యమైన సంగతి అప్పుడే అర్థమైంది. మధ్యాహ్నం మొదలుకొని మూడు గంటల వరకు దేశమంతటా చీకటి కమ్మిందని సువార్త చెబుతుంది. సిలువ చిత్రాలు వేసిన వారిలో ఎక్కువమంది ఆ మూడు గంటలను మనుషులతో నింపారు. సైనికులు, ఏడ్చే స్త్రీలు, గుర్రాలు, ఈటెలు, ఆకాశంలో దేవదూతలు. అవన్నీ ఆ కథను చెబుతాయి, నాకు ప్రియమైనవే. కాని ఆ వేళ కొండ దగ్గర నిజంగా నిలబడి ఉన్నవారికి ఏం కనబడి ఉంటుంది? చీకటి. తమ గురువు ఉన్నాడని తెలిసిన దిక్కు, ఆ దిక్కున ఏమీ కనబడని తనం, ఎదురుచూపు. రాత్కో గోడలు మనల్ని నిలబెట్టేది ఆ చోటనే. అవి మనకు ఏమీ చూపించవు, చీకట్లో ప్రభువు దగ్గర ఉండిపొమ్మంటాయి. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో నిద్రపోయిన శిష్యులు చేయలేకపోయిన పని కూడా అదే.

నా పక్క బల్ల మీద ఒక మెక్సికన్ తల్లి కళ్ళు తెరిచే జపమాల తిప్పుతోంది. పూస పూసకూ ఆమె చూపు గోడ మీదనే ఉంది. ఒక యువకుడు మెత్త మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇది ఏ ఒక్క మతానికీ చెందని ప్రార్థనా స్థలం. మొదట కతోలిక విశ్వవిద్యాలయపు చాపెల్‌గా తలపెట్టినా, 1971లో ప్రారంభించేనాటికి అన్ని విశ్వాసాలవారికీ తలుపులు తెరిచారు. రాత్కో తానే యూదు కుటుంబంలో, నేటి లాత్వియాలో ఉన్న ద్విన్‌స్క్‌లో, 1903లో పుట్టినవాడు. చాపెల్ ప్రారంభం ఆయన చూడలేదు. 1970 ఫిబ్రవరిలో న్యూయార్కులో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మాట తెలిసి అక్కడ కూర్చోవడం తేలిక కాదు. “నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి” అన్న కేకను ప్రసంగంగా వినడం వేరు, ఆ కేక ఎంత లోతైనదో ఒక మనిషి బ్రతుకులో చూడడం వేరు. ఆయన కోసం అక్కడే ప్రార్థించాను.

గది ఎనిమిది మూలలతో ఉండడం గురించి కూడా ఆలోచించాను. తొలి శతాబ్దాల క్రైస్తవులు బాప్తిస్మపు గదులను చాలాచోట్ల ఇలాగే అష్టభుజిగా కట్టుకున్నారు. ఏడు దినాల వారం గడిచాక వచ్చే ఎనిమిదో దినం వారికి పునరుత్థాన దినం. ఈస్టర్ రాత్రి బాప్తిస్మం పొందేవారు అలాంటి గదిలోనే నీళ్ళలోకి దిగేవారు. శుక్రవారపు చీకటిని పట్టి ఉంచిన ఈ గోడలకు ఆదివారపు ఆకారం ఉంది.

మూడు గంటలకు బయటకు వచ్చేసరికి బావగారు చాపెల్ ముందున్న కొలను గట్టున కూర్చుని ఉన్నారు. ఆ కొలను మధ్య అమెరికన్ కళాకారుడు బార్నెట్ న్యూమన్ చేసిన ‘విరిగిన స్తంభం’ అనే శిల్పం నిలబడి ఉంది. తుప్పు రంగు ఉక్కుతో చేసిన పిరమిడ్, దాని కొన మీద తలకిందులుగా ఆనిన స్తంభం. రెండు కొనలూ కలిసే చోటు అరచేయంత కూడా లేదు, మొత్తం బరువు దాని మీదే. దీన్ని మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్‌కు అంకితం చేశారు. నిజానికి ఈ శిల్పాన్ని కింగ్ స్మారకంగా హ్యూస్టన్ నగరానికే ఇవ్వాలని డి మెనిల్ దంపతులు 1969లో ముందుకు వచ్చారు. ఆ అంకితాన్ని నగరం ఒప్పుకోలేదు. అప్పుడు జాన్ డి మెనిల్, సిలువ మీది మొదటి మాటను, “వీరేమి చేయుచున్నారో వీరెరుగరు గనుక వీరిని క్షమించుము” అన్నదాన్ని, దాని మీద చెక్కిద్దామని ప్రతిపాదించాడు. నగరం అదీ వద్దన్నాక శిల్పాన్ని తామే కొని ఇక్కడ నిలబెట్టారు. ఇదే న్యూమన్ 1958 నుంచి 1966 వరకు సిలువ మార్గం పేరుతో పద్నాలుగు చిత్రాలు వేశాడు. ముడి కాన్వాసు మీద నలుపు, తెలుపు నిలువు పట్టీలు తప్ప వాటిలో ఏమీ ఉండదు. అవిప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి.

సాయంత్రం ఏడు మాటల ధ్యానంలో “నా దేవా” అన్న ఆ నాలుగో మాటకు వచ్చేసరికి ప్రసంగీకులు కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడ్డారు. ముందే అనుకున్నారో, గొంతు పూడుకుపోయిందో చెప్పలేను. సభలో ఒక్క కుర్చీ చప్పుడు కాలేదు. ఇంటికి వచ్చాక అక్క వేడివేడి అన్నం, పప్పుచారు, ఆవకాయ పెట్టింది.

ఏప్రిల్ 19, శనివారం: షూలెన్‌బర్గ్ పల్లెలు, ఆస్టిన్

హ్యూస్టన్ నుంచి ఆస్టిన్‌కు నేరుగా పోకుండా ఇంటర్‌స్టేట్ 10 మీద షూలెన్‌బర్గ్ దాకా వెళ్ళి, అక్కడి పల్లెల్లోని రంగుల చర్చిలు చూడాలని బావగారు కోరారు. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చి స్థిరపడిన చెక్, జర్మన్ రైతు కుటుంబాలు కట్టుకున్న చర్చిలివి. బయట మామూలు ఇటుకలు లేదా తెల్లని చెక్క, లోపల గోడ, స్తంభం, కప్పు అంతా రంగులే. డ్యుబినా చర్చి కప్పు నీలంగా, దాని నిండా బంగారు నక్షత్రాలతో ఉంటుంది. హై హిల్ చర్చిలో చెక్క స్తంభాలకు చలువరాతిలా కనబడేలా రంగు వేశారు. తాము విడిచివచ్చిన ఊళ్ళ రాతి గుళ్ళను ఈ పత్తి పొలాల మధ్య చెక్కతో, రంగుతో మళ్ళీ కట్టుకోవాలన్న ఆ రైతుల తపనకు బావగారు చలించిపోయారు. ఇక్కడ ఆయన నడకలో తొందర లేదు.

ఆ చర్చిల్లో ఒకదానిలో ఊరి స్త్రీలు రాత్రి జాగరణ ఆరాధనకు తెల్లని లిల్లీ కుండీలు మోస్తున్నారు. వేదిక మీద గుడ్డ కూడా లేదు. దివ్యసత్ప్రసాదాన్ని, అంటే ఆరాధనలో పంచే పవిత్ర రొట్టెను, ఉంచే పేటిక తలుపు బార్లా తెరిచి, లోపల ఖాళీగా ఉంది. స్వరూపాలన్నిటికీ ముదురు ఊదా గుడ్డలు కప్పి ఉన్నాయి. కప్పిన గుడ్డ కింద ఎవరున్నారో పోల్చుకోవడానికి వీల్లేదు, ఒక్కొక్కటీ నిలువుగా నిలబడిన ఊదా రంగు పలక. నిన్న ఉత్తర గోడ మీద చూసిందీ ఇదే కదా అనిపించింది. బొమ్మలను ఇంత ప్రేమించే సంఘం కూడా, శ్రమల కాలం చివరి దినాల్లో వాటిని తానే కప్పుకుంటుంది. నైరూప్య చిత్రం క్రైస్తవ ఆరాధనకు బయటనుంచి వచ్చిన కొత్త వింత అని అనేవారికి నేను ఈ ఊదా గుడ్డలనే చూపిస్తాను. బొమ్మలు లేని సున్నపు గోడల మధ్య పెరిగిన నాలాంటి బాప్టిస్టుకూ, నిండు రంగుల మధ్య పెరిగిన ఈ చెక్ అవ్వలకూ ఆ శనివారం ఒకే కరువు, ఒకే ఎదురుచూపు. లిల్లీలు మోస్తున్న ఒకావిడ మమ్మల్ని ఎక్కడనుంచి వచ్చారని అడిగి, రాత్రి ఎనిమిదిన్నరకు బయట నిప్పు వెలిగిస్తామని, ఉండగలిగితే ఉండమని చెప్పారు.

లా గ్రాంజ్‌లో ఆగి కొలాచీలు కొన్నాము. మెత్తని తీపి రొట్టె మధ్యలో పండ్ల గుజ్జు పెట్టి కాల్చే చెక్ పిండివంట అది. ఒక్కోటి రెండు డాలర్ల పైచిలుకు. ఆప్రికాట్‌ది అందరికీ నచ్చింది, గసగసాలది అక్కకు మరీ నచ్చి డజను కట్టించింది.

మూడు గంటలకు ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయపు బ్లాంటన్ మ్యూజియం చేరాము. ఇక్కడ లోపలికి వెళ్ళడానికి టికెట్టు ఉంది. దాని ఆవరణలో ఉన్న రాతి మందిరాన్ని కెల్లీ 1986లో కాలిఫోర్నియాలోని ఒక కళా సేకర్త కోసం ఊహించాడు, అప్పట్లో అది కట్టలేదు. 2015లో నమూనాను ఈ మ్యూజియానికి ఇచ్చాడు, ఆ ఏడాది డిసెంబరులోనే తన 92వ ఏట మరణించాడు. 2018లో దీన్ని తెరిచారు. యవ్వనంలో ఫ్రాన్సులో ఉన్నప్పుడు చూసిన పాత రాతి చర్చిలు ఆయన మనసులో నిలిచిపోయాయి. అయితే తాను ఏ మతాన్నీ అనుసరించేవాడు కాదు.

తెల్లని సున్నపురాతి గోడలు, ఒకదానినొకటి సిలువ ఆకారంలో దాటే రెండు అర్ధవృత్తపు కప్పులు, టెక్సస్ ఓక్ చెక్కతో చేసిన పెద్ద తలుపు. లోపల బల్లలు లేవు. గోడల వెంట నలుపు, తెలుపు చలువరాతి పలకలు పద్నాలుగు, అవే సిలువ మార్గపు స్థలాలు. వాటి కింద పేర్లు గాని అంకెలు గాని లేవు. వేదిక ఉండవలసిన చోట సిలువకు బదులు పద్దెనిమిది అడుగుల రెడ్‌వుడ్ కొయ్య, కొమ్మా కొనా లేకుండా ఒంటరిగా నిలబడి ఉంది. చెట్టు, మ్రాను అన్న మాటలను సిలువకు వాడే మన కీర్తనలు తెలిసినవారికి దాని ముందు వివరణ అవసరం లేదు.

అసలు సంగతి కిటికీలు. మూడు గోడల్లో మొత్తం 33 రంగు అద్దాలున్నాయి. పడమటి గోడలో అవి నక్షత్రం విరబూసినట్టు వృత్తంగా అమర్చారు. మేము వెళ్ళిన వేళకు ఎండ ఆ వైపునుంచి వచ్చి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం మడుగులు నేల మీద పరిచింది. నాలుగేళ్ళ పాప ఒకతె ఎర్ర మడుగులోనుంచి పసుపు మడుగులోకి దూకుతూ, ప్రతిసారీ తన అరచేతులు తిప్పి చూసుకుంటోంది. వాళ్ళమ్మ ఆపబోతే అక్కడి కాపలాదారు చిరునవ్వుతో పరవాలేదన్నట్టు తల ఊపాడు. హ్యూస్టన్‌లో వెలుగును గోడలు మింగేశాయి. ఇక్కడ అదే వెలుగు గోడ దాటి వచ్చి నేలమీద నడిచేవారి ఒంటికి అంటుకుంటోంది. సమాధి తలుపు రాయి దొర్లించబడిందన్న సంగతిని బొమ్మ లేకుండా చెప్పడం సాధ్యమేనని నాకు అక్కడ నమ్మకం కలిగింది. ఒక్క విన్నపం మాత్రం ఉంది. ఈ రెండు చోట్లూ చూడదలచినవారు ముందు హ్యూస్టన్‌లో కూర్చుని తరువాతే ఆస్టిన్ రావాలి. చీకటిలో గడపకుండా ఇక్కడికి వస్తే ఇవి అందమైన రంగు అద్దాలు మాత్రమే అవుతాయి.

ఆరు గంటలకు తిరుగు ప్రయాణంలో ఉండగా అమ్మ ఫోను చేసింది. ఒంగోలులో అప్పటికే ఆదివారం తెల్లవారుజాము నాలుగున్నర. సమాధుల తోటలో నాన్న సమాధికి కొత్తగా సున్నం వేయించి, బంతిపూల దండలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. వీడియోలో చుట్టుపక్కల సమాధులన్నిటి మీదా దీపాలే, చీకట్లో యౌవనస్థుల పాట వినబడుతోంది. “అక్కడ మీకింకా పండుగ రాలేదా నాయనా?” అని అమ్మ అడిగింది. అక్క కన్నీళ్ళు తుడుచుకుంటూ మాట్లాడింది.

ఏప్రిల్ 20, ఈస్టర్: హ్యూస్టన్

సూర్యోదయ ఆరాధన ఒక పార్కులో, తడి గడ్డి మీద మడత కుర్చీలు వేసుకుని జరిగింది. తరువాత సంఘ భోజనంలో మటన్ బిర్యానీ, పెరుగు పచ్చడి, కోడిగుడ్ల కూర, సేమ్యా పాయసం. చీరాల పెద్దావిడ మాట తప్పకుండా నా పళ్ళెం తానే వడ్డించి, మేము ఎక్కడెక్కడ తిరిగామో అడిగారు. బొమ్మలు లేని చిత్రాల ముందు ప్రార్థన ఎలా చేశావని ఆవిడ వేసిన ప్రశ్నలో ఆక్షేపణ లేదు, తెలుసుకోవాలన్న కోరిక ఉంది. ముందు వాక్యం చదివి వెళ్ళానని, అక్కడ ఏమీ అడగకుండా చీకటి వైపు చూస్తూ కూర్చున్నానని చెప్పాను. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి, తమ ఆయన పోయిన ఏడాది తాను చేసిన ప్రార్థన అలాంటిదేనని, అప్పట్లో నోట మాట వచ్చేది కాదని అన్నారు.

బావగారికి నేటికీ డ్యుబినా నక్షత్రాల కప్పే ఎక్కువ నచ్చింది. దేవుని మందిరంలో మనిషి తన చేతనైనంత అందం పెట్టాలని ఆయన వాదన, దాన్ని నేను కాదనను. అయినా వచ్చే శ్రమల కాలంలో సంఘ యౌవనస్థులను ఆ పల్లె చర్చిలకూ, రాత్కో చాపెల్‌కూ ఒకే వారంలో తీసుకువెళ్ళాలని ప్రతిపాదించింది ఆయనే. పాస్టరు గారు ఒప్పుకున్నారు. చాపెల్‌లో గంటసేపు ఫోను లేకుండా కూర్చోగలవారే పేరు ఇవ్వాలని బావగారు షరతు పెడితే, పాయసం గ్లాసులు ఇంకా చేతిలో ఉండగానే తొమ్మిదిమంది పిల్లలు చేతులెత్తారు.